ఓడ చిన్నాయన ఊళ్ళో నీళ్ళ వరుస

చిన్నాయన కార్డు మార్చి నెలాఖరులో వచ్చింది. "ఈడ నీళ్ళ పట్టీ రాసేదానికి చేతిరాత బాగుండే మనిషి కావల్ల. పాపకు పరీక్షలైపోతే ఒక వారం పంపించన్నా" అని నాయనకు రాశాడు. పాప అంటే నేను. నాకు పంతొమ్మిదేళ్ళు. ధర్మవరంలో మాకు పట్టుచీరల అంగడి ఉంది. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పడతాయి. నోటితో చెప్పలేనిదంతా డైరీలో రాసుకుంటాను.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. పదిహేడో ఏట ఇంట్లో చెప్పకుండా రైలెక్కి నౌకాదళంలో చేరాడు. పదిహేనేళ్ళు ఓడల మీద తిరిగాడు. ఉద్యోగం అయిపోయాక విశాఖపట్నానికి ఉత్తరాన ఒక జాలరిపేటలో తొమ్మిదేళ్ళు ఉన్నాడు. రెండేళ్ళుగా బెళుగుప్ప దగ్గర ఒక పల్లెలో ఉంటున్నాడు. ధర్మవరం వస్తే మా అవ్వ ఆయనను పడసాల దాటి లోపలికి రానివ్వదు. కన్నకొడుకే అయినా బిందె ముట్టనివ్వదు. దోసిలి పట్టమని పైనుంచి నీళ్ళు పోస్తుంది. "సముద్రం దాటినోడు, ఎవురెవురితోనో ఒకే తట్టలో తిన్నోడు" అంటుంది. ఆయన నవ్వుతూ తాగి మూతి తుడుచుకుంటాడు. అది చూసినప్పుడల్లా నేను డైరీలో అవ్వ మీద పేజీలకు పేజీలు కోపం రాసేదాన్ని. మనుషులంతా ఒకటేనని పుస్తకాల్లో చదివిన మాటలు ఎర్రసిరాతో ఎత్తి రాసుకునేదాన్ని. ఆ పేజీలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని తెరవలేకపోతున్నాను.

బయలుదేరే రోజు అవ్వ ఇత్తడి మరచెంబు నిండా నీళ్ళు పోసి మూత బిగించి ఇచ్చింది. "దావలో ఎవురి నీళ్ళూ తాగొద్దు తల్లీ. ఆడ మీ చిన్నాయన ఏమి చెప్పినా నీ శుద్ధి నువ్వు చూసుకో" అంది. నేను తలూపాను గానీ మనసులో నవ్వుకున్నాను.

ఉదయం ఆరుంబావుకు గుంతకల్లు వైపు పోయే ప్యాసింజరు. అనంతపురంలో దిగేసరికి ఏడున్నర. స్టేషను బయట ఇడ్లీ తిని బస్టాండుకు నడిచాను. కళ్యాణదుర్గం బస్సు ఎనిమిదిన్నరకు అన్నారు, తొమ్మిదింటికి కదిలింది. కిటికీ పక్కన చోటు దొరికింది. ఊరు దాటగానే రెండు వైపులా ఎర్రమన్ను, రాళ్ళగుట్టలు. వరసగా మూడో ఏడు వానల్లేవు. శెనక్కాయ చేలల్లో కిందటేడు ఎండిన కట్టె కూడా మిగల్లేదు, పశువులకు పీకి వేసేశారు. గాలి మాత్రం ఆగకుండా వీస్తోంది.

పక్కన చంటిపిల్లతో ఒకామె కూర్చుంది. కొంతదూరం పోయాక నా మరచెంబు వైపు చూసింది.

"పాపా, రోన్ని నీళ్ళు పోస్తావా? బిడ్డకు నోరెండుతాంది."

నేను మూత తీసి, ఆమె దోసిట్లోకి పోశాను. బస్సు ఊగుతోంది. సగం నీళ్ళు ఆమె చీర మీద పడ్డాయి.

"ఏం పాపా, అంత పైనుంచి పోస్తే సగం గాలికే పాయె గదా!" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. మరచెంబు కిందికి మాత్రం దించలేదు. దించలేదన్న సంగతి కూడా అప్పుడు నాకు తెలియదు.

పదకొండున్నరకు కళ్యాణదుర్గం. ఇంట్లో కట్టిచ్చిన చిత్రాన్నం బస్టాండు అరుగు మీద తిన్నాను. బెళుగుప్ప బస్సు ఒంటిగంటన్నరకు. కండక్టరు టికెట్టు చింపుతూ "బెళుగుప్పలో ఎవురింటికి పాపా?" అన్నాడు. ఫలానా పల్లెలో మా చిన్నాయన దగ్గరికి అన్నాను. "ఓడ శెట్టి దగ్గరికా! ముందే చెప్పొద్దా?" అని ముందు సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టాడు. నాకు సిగ్గుతో పాటు గర్వం కూడా కలిగింది.

రెండూ నలభైకి బెళుగుప్ప. చిన్నాయన సైకిలుతో నిలబడి ఉన్నాడు. ఖాకీ నిక్కరు, తెల్ల బనీను, తలకు తువ్వాలు. సంచి క్యారేజీకి కట్టి, నాలుగు మైళ్ళు ఇద్దరం నడిచే పోయాం. ఇన్నేళ్ళకూ ఆయన నేల ఊగుతున్నట్టు కాళ్ళు ఎడంగా వేసి నడుస్తాడు. మాట కూడా అంతే, సగం విశాఖపట్నం, సగం ధర్మవరం.

"సముద్రం పక్కన ఇల్లు వదిలి ఈ రాళ్ళలోకి ఎందుకొచ్చావు చిన్నాయనా?" అని అడిగాను. ఆయనతో మాట్లాడటానికి నాకు భయం లేదు.

"తిప్పన్న ఊరమ్మా ఇది. నేనూ వాడూ ఒకే ఓడలో పనిచేశాం. వాడు జ్వరంతో ఓడలోనే పోయినాడు. వాళ్ళక్కను చూసి పోదామని వచ్చినా. పొద్దున్నే నీళ్ళ దగ్గర కొట్లాట చూసినా. ఇంక పోలేకపోయినా."

దారి పొడుగునా ఓడ కబుర్లు చెప్పాడు. ఓడ చుట్టూ ఎంత నీళ్ళున్నా తాగే నీళ్ళు మాత్రం కొలతే. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు మంచినీళ్ళ కొళాయి తిప్పేవారట. స్నానం ఉప్పునీళ్ళతో, చివర్లో ఒక మగ్గు మంచినీళ్ళు. "కోనసీమ పిల్లోళ్ళు, కేరళ పిల్లోళ్ళు ఏడ్చేవాళ్ళమ్మా, ఒక మగ్గు ఏ మూలకని. నేనూ తిప్పన్నా నవ్వుకునేవాళ్ళం. మేము ఆ మగ్గుతోనే ఒళ్ళు కడిగి, అవే నీళ్ళలో బనీను పిండుకునేవాళ్ళం. మా ఆఫీసరు మమ్మల్ని నిలబెట్టి, వీళ్ళను చూసి నేర్చుకోండిరా అన్నాడు. అనంతపురం జిల్లావోడినని నేను ఛాతీ విరిచింది ఆ ఒక్కరోజే."

జాలరిపేటలో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం పూట పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పాడట. పడవల ఇంజన్లు బాగుచేశాడు. ఒకసారి తుఫాను ముందు గాలి వాసన పట్టి, ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్ళను గుట్ట మీది బడికి మోసి చేర్చాడట. అదేదో సంతకు పోయివచ్చినట్టు చెప్పాడు.

ఊళ్ళో ఆయన ఉండేది చావడి వెనక గది. సాయంత్రం సంగటి చేసి, నంచుకోవడానికి ఊరుబిండి నూరి పెట్టాడు. తిన్న తట్టలు ఇసకతో తోమి గుడ్డతో తుడిచాం. కడగడం లేదు. ఆ ఊరికి వెళ్ళాలనుకునేవారు ఈ పద్ధతి ముందే తెలుసుకోవడం మంచిది.

ఊరి బావులు రెండూ ఎండిపోయాయి. తాలూకా ఆఫీసు నుంచి రోజూ ఉదయం ఆరింటికి ఒక ట్యాంకరు వస్తుంది. పూర్వం అది పెద్ద వీధిలో ఆగేది. ఆ వీధివాళ్ళు పట్టుకోగా మిగిలినవి ఊరి తూర్పున ఉన్న పేటకు. అంటరానివాళ్ళని ఊరు దూరంగా ఉంచినవాళ్ళు ఉండే పేట అది. చాలా రోజులు మిగిలేవే కావు. చిన్నాయన ఆఫీసు చుట్టూ తిరిగి ట్యాంకరును చావడి దగ్గరకు మార్పించాడు. సిమెంటు తొట్టి కట్టించాడు. ఇంటికి నాలుగు బకెట్లు. ముందు వచ్చినవాళ్ళు ముందు. అందరికీ ఒకటే వరుస, ఒకటే బకెట్టు. "ఓడలో ఒకటే ట్యాంకీ" అనేవాడు ఎవరేమన్నా. మొదట్లో పెద్ద వీధివాళ్ళు బావిలో బురదనీళ్ళు వడగట్టుకుని తాగారు గానీ వరుసలోకి రాలేదట. వాళ్ళ గడపగడపకూ తిరిగి ఒప్పించడానికి ఆయనకు ఆరు వారాలు పట్టింది.

మొదటి రెండు రోజులూ నేను బల్ల దగ్గర కూర్చుని పేర్లు పిలిచి, పట్టీలో గీతలు పెట్టాను. పని బాగానే సాగింది. వరుసలో రుద్రప్ప అనే పెద్ద వీధి ఆయన రోజూ ఏదో ఒకటి అనేవాడు. "ఏమప్పా ఓడ శెట్టీ, నీ ఓడ ఎప్పుడు మునుగుతాది?" అంటే, చిన్నాయన "నువ్వు బరువు తగ్గితే తేలుతాదిలే రుద్రన్నా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. రుద్రప్పకు ముందూ వెనకా పేట ఆడవాళ్ళు నిలబడేవారు. ఆయన ముఖం తిప్పుకునేవాడు గానీ నిలబడేవాడు. తిప్పన్న అక్క హనుమక్క కూడా ఆ వరుసలోనే ఉండేది. యాభై ఏళ్ళుంటాయి, ఎండకు కాలి గట్టిపడిన మనిషి. నన్ను చూసి "ఇంత సన్నగుండావేంది తల్లీ, మీ అంగట్లో దారాలు తింటాండావా?" అంది మొదటిరోజే.

మూడో రోజు చిన్నాయన తనే పేర్లు పిలుస్తానని, నన్ను బకెట్టు పట్టుకోమన్నాడు. తొట్టిలో ముంచి, ఎదురుగా పెట్టిన కడవలోకి పోయడమే పని. పదిపన్నెండు ఇళ్ళకు పోశాను. హనుమక్క వంతు వచ్చింది. మూడు బకెట్లు అయ్యాయి. నాలుగో బకెట్టు ఎత్తేటప్పటికి నా చేతులు వణికాయి. బకెట్టు ఒరిగింది. నీళ్ళు పోతాయని హనుమక్క గబుక్కున చేయి వేసి అంచు పట్టుకుంది. ఆమె నాలుగు వేళ్ళూ నీళ్ళలో మునిగాయి.

నేను బకెట్టును పక్కకు లాగి నేల మీద ఒంపేశాను.

ఆలోచించి చేయలేదు. మా ఇంట్లో ఎవరైనా పరాయివాళ్ళు బిందె తాకితే అవ్వ ఎలా ఒంపేస్తుందో, చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు నా చేతే ఒంపించిందో, అచ్చం అలాగే మణికట్టు తిరిగింది. ఖాళీ బకెట్టును మట్టితో తోమడానికి కిందికి వంగాను కూడా. అప్పుడు తెలిసింది ఏం చేశానో. నేల అప్పటికే నీళ్ళు తాగేసింది. తడి మచ్చ ఒక్కటే మిగిలింది. అరవైమంది ఆ మచ్చను చూస్తున్నారు.

"ఏమైందమ్మా?" అన్నాడు చిన్నాయన పట్టీలోంచి తలెత్తి.

"చేయి జారింది" అన్నాను.

హనుమక్క నా ముఖంలోకి చూసింది. తర్వాత చిన్నాయన వైపు తిరిగి "జారిందిలేప్పా. పాపకు అలవాటు లేదు" అంది. మూడు బకెట్ల నీళ్ళు ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాలుగోది అడగలేదు.

ఆ సాయంత్రం దీపం పెట్టకముందే డైరీ తీశాను. "బరువుకు చేయి జారి ఒక బకెట్టు నీళ్ళు పోయాయి" అని రాశాను. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను.

మర్నాడు ట్యాంకరు వచ్చేసరికి రెండు వరుసలున్నాయి. పెద్ద వీధివాళ్ళు తొట్టికి ఈ పక్క, పేటవాళ్ళు ఆ పక్క.

"ఇదేంది రుద్రన్నా?" అన్నాడు చిన్నాయన.

"నీ అన్న బిడ్డే చూపించింది గదా. ధర్మవరం నుంచి వచ్చిన చదువుకున్న పాప, అంగడోళ్ళ బిడ్డ, ఆ యమ్మి చెయ్యి పడితే నీళ్ళు పారబోసింది. ఆ పాపకుండే శుద్ధి మాకు లేదా? ముందు మాకు పోయప్పా. మిగిలిండేవి వాళ్ళకు."

"చెయ్యి జారిందంటాంది."

"జారలే. మాకు కండ్లు లేవా?"

చిన్నాయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. ఆయన బకెట్టు పట్టుకుని రెండు వరుసలనూ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. ఎండ ఎక్కుతోంది. రెండు వైపులా ఆడవాళ్ళు కడవలతో ఉన్నారు. చివరికి ఆ పక్క ఒక బకెట్టు, ఈ పక్క ఒక బకెట్టు పోయడం మొదలుపెట్టాడు. దప్పికతో ఉన్నవాళ్ళను నిలబెట్టి పంతం పట్టలేడు కదా.

మధ్యాహ్నం సంగటి ముద్ద ముందు పెట్టుకుని ఇద్దరం తినకుండా కూర్చున్నాం. ఆయనే మొదలుపెట్టాడు.

"ఓడలో మొదటి రోజు నీళ్ళ ట్యాంకీకి గొలుసుతో ఒక మగ్గు కట్టి ఉండేదమ్మా. నా ముందు తిప్పన్న తాగినాడు. వాడి ఊరు, వాడి పేట నాకు రైల్లోనే తెలిసింది. నేను ఆ మగ్గు ముట్టుకోలే. సాయంత్రం దాకా నోరెండి నిలబడినా. వాడు చూసినాడు. ఏమీ అనలే. మర్నాడు నుంచి తాగినా, అన్నీ కలిసే తిన్నాం, పదకొండేళ్ళు. ఆ మొదటి రోజు సంగతి మాత్రం వాడితో ఎత్తలేదు. ఎట్లా చెప్పాలో తెలీలే. ఈ రోజు చెప్తా, రేపు చెప్తా అనుకుంటాండగానే వాడు పోయినాడు."

అంతే చెప్పి ముద్ద విరిచాడు.

ఎండ తగ్గక ముందే పేటకు నడిచాను. హనుమక్క గడప దగ్గర కూర్చుని చేటలో జొన్నలు ఏరుతోంది. చెప్పాల్సింది దారంతా కూర్చుకున్నాను. తీరా అక్కడికి పోయాక నోటికి ఒక్కటే మాట వచ్చింది.

"అక్కా, తాగడానికి కొంచెం నీళ్ళిస్తావా?"

ఆమె ఇంట్లో, ఆమె చేతి నీళ్ళు తాగితే జరిగింది చెరిగిపోతుందని అనుకున్నాను. పుస్తకాల్లో అలాగే జరుగుతుంది.

హనుమక్క చేట పక్కన పెట్టింది.

"నీళ్ళు యాడుండాయి తల్లీ? నిన్న మూడు బకెట్లే వచ్చె. ఈ పొద్దు వరుస చివర నిలబడితే తొట్టి అడుగునుండే మురికి వచ్చె. నువ్వు తాగి మనసు కడుక్కుంటావు, సరే. నేను పొయ్యి మీద ఏం పెట్టాల?"

"నా చేయి జారలేదక్కా" అన్నాను.

"నాకు తెలీదా? నా ఎదురుగానే గదా వంచినావు."

"మరి జారిందని ఎందుకు చెప్పావు?"

"నీ కోసమనుకున్నావా? మీ చిన్నాయన ముఖం చూడలేక చెప్పినా. ఆయప్ప ఆరు వారాలు ఒక్కో గడప తొక్కినాడు." మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది. "నాకు చెప్తే ఏమొస్తాది? చెప్పేది ఉంటే ఆడ వరుసలో చెప్పు. ఎంతమంది చూసినారో అంతమందికి చెప్పు."

ఐదో రోజు ఉదయం ఆరింటికి తొట్టి పక్కన నిలబడ్డాను. రెండు వరుసలూ సిద్ధంగా ఉన్నాయి.

"మొన్న నా చేయి జారలేదు" అన్నాను.

"ఏంది? వినపడలా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

మళ్ళీ చెప్పాను. మూడోసారి అరవాల్సి వచ్చింది. "నా చేయి జారలేదు! హనుమక్క వేళ్ళు తగిలాయని నేనే పారబోశాను! అది తప్పు!"

రుద్రప్ప నింపాదిగా తువ్వాలు దులిపాడు. "అదే గదమ్మా మేము చెప్తాండేది. నువ్వే పారబోసినావు. తప్పని నీ నోరు చెప్తాంది. నీ చెయ్యేమో ఇంకోటి చెప్పె. మేము చెయ్యినే నమ్ముతాం."

కొందరు నవ్వారు. నిజం చెబితే జరిగింది సరి అవుతుందనుకున్నాను. నిజం ఆయనకే పనికొచ్చింది.

చిన్నాయన గదిలో నుంచి మా బిందె తెచ్చుకుని పేట వరుస చివర నిలబడ్డాను. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. నా వంతు వచ్చేసరికి తొట్టి అడుగు కనబడుతోంది. చిన్నాయన రెండు బకెట్లు పోశాడు, ఇసక తేలుతున్న నీళ్ళు. మిగిలిన రెండు రోజులూ అలాగే నిలబడ్డాను. పట్టీ రాయడం ఆయనే చూసుకున్నాడు. రెండు వరుసలూ రెండుగానే ఉన్నాయి.

వచ్చేముందు హనుమక్క దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడిగే ధైర్యం లేదు. పోయొస్తానక్కా అన్నాను.

"వానలు పడినాక రా" అంది ఆమె. "అప్పుడు కడవలు నిండుగా ఉంటాయి. నీళ్ళిస్తా. తాగుతావో లేదో అప్పుడు చూస్తా."

తిరుగు ప్రయాణం ఎనిమిదో రోజు. బెళుగుప్ప దాకా చిన్నాయన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. దారిలో ఓడ కబుర్లు లేవు. పదిన్నర బస్సు ఎక్కించి, కిటికీ దగ్గరకు వచ్చి, "మళ్ళీ ఆరు వారాలు పడతాదేమో, అంతేలే" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడని తెలుసు.

బస్సులో పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. "ఓడ శెట్టి అన్న బిడ్డవంట గదా. ఈ ఎండల్లో వచ్చి సేవ చేసి పోతాండావు. మా ఊర్లకు నీలాంటోళ్ళు రావల్ల తల్లీ" అన్నాడు. కళ్యాణదుర్గం వచ్చేదాకా ఆయన పొగుడుతూనే ఉన్నాడు. కాదని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. మూడు రోజుల కిందట అరవైమంది ముందు అరిచినదాన్ని, ఒక్క మనిషికి చెప్పలేకపోయాను.

మూడున్నరకు అనంతపురంలో రైలెక్కాను. పెట్టెలో జనం పలచగా ఉన్నారు. డైరీ తీసి, "చేయి జారి" అన్న వాక్యం కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాశాను. ఈ కథనం అందులోంచి ఎత్తి రాసిందే. పట్టీ రాయడానికే కాదు, సముద్రాలు తిరిగిన మనిషి ఒక కరువు పల్లెలో ఏం చేస్తున్నాడో చూసి రాయాలని కూడా వెళ్ళినదాన్ని. ఆయన చేసిన పని ఎంత పెద్దదో, దాన్ని చెడగొట్టాక గానీ నాకు అర్థం కాలేదు.

ఊరి పేరు రాయలేదు. బెళుగుప్పలో దిగి ఓడ శెట్టి ఊరని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. మీలో ఎవరైనా వెళితే ఒక రాత్రి అక్కడ ఉండి, ఉదయం ఆరింటికి చావడి దగ్గర నిలబడి చూడండి. తొట్టి దగ్గర వరుస ఒకటి ఉందో, రెండున్నాయో నాకొక కార్డు ముక్క రాయండి. చిన్నాయన ప్రతి నెలా ఉత్తరం రాస్తాడు. ఆ సంగతి మాత్రం రాయడు. అడగడానికి నాకు ముఖం లేదు.